యిత్రో చెప్పిన సలహా
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో ఉన్నంతకాలం మన బల్ల మీదికి ఫైళ్ళు వచ్చేవి. రిటైరయ్యాక ఫైళ్ళు రావు గాని, సలహా అడిగేవారు వస్తారు. అడగకపోయినా చెప్పే అలవాటు మనకు ఎలాగూ ఉంది! అందుచేత సలహా ఎలా చెప్పాలన్న విషయమై నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను క్రైస్తవుణ్ణి గనుక బైబిలు నుండే ఉదాహరణ తీసుకుంటాను.

నిర్గమకాండం 18వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల నాయకుడైన మోషేను చూడటానికి మామగారు యిత్రో వస్తాడు. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు తీరుస్తున్నాడు. యిత్రో అదంతా చూశాడు. ఎందుకిలా చేస్తున్నావని ముందుగా అడిగాడు. అల్లుడి జవాబు విన్నాడు. ఆ తర్వాతనే, ఈ పద్ధతి బాగాలేదని, అతడూ ప్రజలూ నలిగిపోతారని ముఖం మీదే చెప్పాడు. అంతటితో ఆపక, నమ్మకస్తులను ఎంచి వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులుగా నియమించమని దారి చూపాడు. దేవుడు సెలవిస్తేనే సుమా అన్నాడు. మోషే ఆ మాట విన్నాడు. యిత్రో తన దేశానికి వెళ్ళిపోయాడు. పెత్తనం కోసం అక్కడ కూర్చోలేదు.

యోబు స్నేహితులు ఇందుకు భిన్నం. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మౌనంగా అతని పక్కన కూర్చున్నారు. అంతవరకు మంచి స్నేహితులే. నోరు విప్పాక, నీ పాపమే నీ కష్టానికి కారణమన్నారు. చివరకు దేవుని కోపానికి గురయ్యారు.

ఇక మన సంగతి. మిత్రుడొకరు ఇల్లు కొడుకు పేర గిఫ్టు డీడు రాస్తానని వచ్చారనుకుందాం. "శుభం" అనేసి కాఫీ ఇచ్చి పంపడం తేలిక. "పిల్లల్ని నమ్మకండి" అనడమూ తేలికే. రెండూ సలహాలు కావు. ఎందుకు రాస్తున్నారో ముందు వినాలి. ఇంట్లో ఆవిడతో మాట్లాడారా అని అడగాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ గురించి చెప్పాలి. పోషించాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తి విషయంలో ఆ షరతు తప్పితే, బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. కనుక షరతును డీడులోనే స్పష్టంగా రాయించుకోమనాలి. ఆపైన నిర్ణయం వారిదే.

ఒకరిలో తప్పు కనిపిస్తే ముందు ఏకాంతంగా అతనితోనే మాట్లాడమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసుప్రభువు బోధించారు. అంటే, సంఘం వరండాలో నలుగురి ముందు కాదన్నమాట!

నిజం చెబితే మిత్రుడికి కోపం రావచ్చు. కొన్నాళ్ళు మన గుమ్మం తొక్కకపోవచ్చు. అయినా, ఇల్లు పోయాక ఓదార్చడం కంటే ఇప్పుడు కాస్త నిష్ఠూరపడటమే నిజమైన ప్రేమ అని నా విశ్వాసం.