యంత్రమానవుడును మనిషి మర్యాదయును
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



యంత్రమానవులను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. మన పిల్లలు ఈ యంత్రముల నడుమనే పెరిగి, వాటితోడనే పనిచేయవలసినవారు. కావున ఈ విషయమును ఇంజనీర్లకే విడిచిపెట్టుట తగదు.

'రోబో' అను మాట పుట్టుకయే విచారింపదగినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున ఈ మాట మొదట కనబడినది. దానిని సూచించినవాడు ఆయన సోదరుడు యోసెఫ్. చెక్ భాషలో 'రొబోట' యనగా ప్రభువుల పొలములలో రైతులు చేయవలసివచ్చిన నిర్బంధపు పని. మన మాటలో వెట్టిచాకిరి. ఆ వెట్టిని మనిషి వీపునుండి దింపి యంత్రముపై పెట్టవలెనన్నది అందరి ఆశ. బరువు దిగిన పిమ్మట ఆ మనిషి గతి యేమి? ఒక్క ఉదాహరణముతో పరిశీలింతము.

2015 నవంబరులో కోళిక్కోడు నగరమున మురుగు కాలువను శుభ్రపరచుటకై మ్యాన్‌హోల్‌లోనికి దిగిన ఇద్దరు కూలీలు ఊపిరాడక మరణించిరి. వారు ఆంధ్రప్రదేశ్ నుండి బ్రతుకుదెరువునకై పోయినవారు. వారిని రక్షింపబోయిన స్థానిక ఆటో డ్రైవరును ప్రాణములు కోల్పోయెను.

ఈ దుర్ఘటనకు చలించిన కేరళ యువ ఇంజనీర్లు 'జెన్‌రోబోటిక్స్' సంస్థ పక్షమున, మనిషికి బదులు గోతిలోనికి దిగు యంత్రమును నిర్మించిరి. 2018లో తిరువనంతపురమున అది పనిలోనికి వచ్చెను. దాని పేరు 'బాండికూట్'. ఈ ఆంగ్లపదము మన 'పందికొక్కు' నుండి పుట్టినదే! పైన నిలిచినవాడు తెరపై లోపలి దృశ్యమును చూచుచు యంత్రమును నడుపును. క్రిందికి దిగిన యంత్రహస్తము బురదను, చెత్తను ఎత్తి పైకి తెచ్చును. అంతకంటె మెచ్చదగినదేమనగా, లోగడ గోతిలో దిగిన కార్మికులకే దానిని నడుపుట నేర్పిరి.

నేను చెప్పదలచినది ఇచ్చటనే యున్నది. ఆ విద్య నేర్పినచో కార్మికుడు యంత్రమును నడుపు పనివాడగును. నేర్పక పొమ్మన్నచో ప్రాణము దక్కినను కూడు పోవును. రెండు చోట్లను యంత్రము ఒక్కటియే; భేదము మనుష్యుల నిర్ణయమునందున్నది.

చట్టము లేకపోలేదు. తగిన రక్షణ సాధనములు లేక మనిషిని మురుగు కాలువలోనికి దింపుటను 2013నాటి చట్టము నిషేధించినది. అట్లు మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు ఇయ్యవలెనని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించి, 2023లో దానిని 30 లక్షలకు పెంచినది. అయినను మరణములు ఆగలేదు. యంత్రము ఖరీదు, మనిషి చౌక యను లెక్క యున్నంతకాలము యంత్రము షెడ్డులో తుప్పుపట్టును; మనిషి గోతిలోనికి దిగును.

మనమున్న ఈ కన్నడ దేశముననే, కోలారు బంగారు గనుల పట్టణమున, పారిశుద్ధ్య కార్మికుల తెలుగు కుటుంబమున 1966లో బెజవాడ విల్సన్ జన్మించెను. చదువుకొని, తనవారిచే చేయించుచున్న ఆ పాకీపనిని నిర్మూలించుటకే ఆయన జీవితమును అంకితము చేసెను. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించెను. ఆయన ఉద్యమము బాండికూట్ పుట్టుటకు ఎంతో ముందుది. ఆయన కోరినది మనిషికి మర్యాద. యంత్రము గోతిలోనికి దిగగలదు గాని, గోతిలో దిగినవాని బిడ్డను తరగతిలో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట అది మనకు నేర్పజాలదు. అది మన యిండ్లలో నేర్పవలసిన పాఠము.

కావున తల్లిదండ్రులారా! మీ పిల్లలకు యంత్రవిద్యను తప్పక చెప్పింపుడు. దానితోపాటు, ఏ క్రొత్త యంత్రమును చూచినను రెండు ప్రశ్నలు అడుగుట నేర్పుడు: ఇది ఎవరి బరువును దింపినది? ఆ దిగినవాని యింట నేడు పొయ్యి వెలుగుచున్నదా? ఈ ప్రశ్నలను మన బిడ్డలు తేటతెలుగున నిర్భయముగా అడుగగలిగిన నాడు, పొరుగు సీమలో ఈ పాఠశాలను నిలుపుకొన్న మన శ్రమ సార్థకమగును.