ముందు వస్తువు, తరువాతే భవనం
(భీమ్‌గల్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతపు కళావస్తువులకు ఒక మ్యూజియం ఉండాలని మిత్రులు కొందరంటున్నారు. సంతోషం. అయితే చర్చంతా "స్థలమెక్కడ, భవనమెంత?" అనే దాని చుట్టూనే తిరుగుతున్నది. ముందు అడగవలసింది "వస్తువులేవి?" అని నా మనవి.

సాలార్‌జంగ్ మ్యూజియం సంగతి చూడండి. మూడవ సాలార్‌జంగ్ 1949లో కన్నుమూశారు. ఆయన భవనాల్లో చెల్లాచెదురుగా ఉన్న వస్తువులను జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుని చేత అమర్పించారు. 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే నెహ్రూ గారు ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది 1968లో.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. మా తాతగారి బిద్రీ హుక్కా ఒకటి ఇంట్లో ఉండేది. నల్లని లోహం మీద వెండి పొదిగిన పని. బదిలీ మీద ఇల్లు ఖాళీ చేస్తూ పాతసామాను అతనికి తూకానికి వేశాను. కొన్నేళ్ళకు సాలార్‌జంగ్‌లో అటువంటిదే అద్దాల వెనుక కనిపించింది. నా శ్రీమతి నావైపు చూసింది, ఏమీ అనలేదు. ఆ చూపు ఇంకా మరువలేదు.

కాబట్టి మొదట కావలసింది ఒక రిజిస్టరు. ప్రతి వస్తువుకు నంబరు, ఫోటో, కొలత, ఎవరింటిది, ఎవరు చేశారు, దేనికి వాడారు అన్నీ రాయాలి. రెండవది చెమ్మ, చెదలు చేరని నిలవగది. అన్నింటినీ ఒకేసారి ప్రదర్శించలేం గదా! మూడవది వెలుతురు. రాయి, ఇత్తడి వెలుగుకు తట్టుకుంటాయి. చేర్యాల నకాషీ పటం వంటి బట్టమీది బొమ్మ తట్టుకోదు. వెలిసిన రంగు తిరిగి రాదు. నాల్గవది మనమే. మెట్లు లేని దారి, గదికొక బెంచీ, పెద్ద అక్షరాల్లో తెలుగు, ఉర్దూ వివరాలు ఉండాలి. లింబాద్రి గుట్ట జాతరకొచ్చిన చదువురాని తల్లికి నోటితో చెప్పే మనిషీ ఉండాలి. ఇవన్నీ తేలాకే ఇంజనీరు నక్షా గీయాలి.

ఇంటికి వెళ్ళాక అటక మీద ఒకసారి చూడండి. ఏదైనా తూకానికి వేసేముందు మనవళ్ళకు దాని కథ చెప్పి, నోటుబుక్కులో రాయించండి. మన మ్యూజియం మొదటి పేజీ అదే.