సీసాలో మొలిచే మేత
(చెంగిచెర్ల మహిళల సమావేశంలో చెప్పిన మాటలు)



పోయినసారి ఒక అక్క అడిగింది. "ఆకు ముక్కను సీసాలో పెడితే మొక్క అవుతుందట గదా. అట్లాంటి మొక్కలు కొని నాటితే మా బర్రెకు మేత వస్తదా?" డబ్బులు పెట్టకముందే అడిగింది. మంచి పని చేసింది.

మన చెంగిచెర్లలో మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉంది. మాంసమైనా, పాలైనా మేతలోంచే రావాలి గదా! ఒట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి సుమారు 4 పాళ్లే ఉంటాయి. ఎండిన లూసర్న్ మేతలో 20 పాళ్ల దాకా ఉంటాయి. లూసర్న్ పప్పు జాతి మొక్క. కందికి, పెసరకు చుట్టం.

ఇక సీసా సంగతి. దీన్ని టిష్యూ కల్చర్ అంటారు. లేత ఆకు ముక్క కోస్తారు. క్రిములు పోయేలా మందునీళ్లతో కడుగుతారు. సీసాలో జున్నులా గట్టిపడిన ఆహారం ఉంటుంది. అందులో చక్కెర, లవణాలు, పెరుగుదల మందులు కలుపుతారు. ముక్కను దాని మీద పెట్టి మూత బిగిస్తారు. బూజు పట్టిందా, అంతా పాడే. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టినట్టే! కొన్ని వారాలకు ముక్క ఉబ్బి ముద్ద అవుతుంది. మందుల పాళ్లు మారిస్తే ఆ ముద్దలోంచి మొలకలు లేస్తాయి.

చెప్పినంత సులువు కాదు. పప్పు జాతి మొక్కలు మొండివి. 1972లో అమెరికాలో సాండర్స్, బింగ్‌హామ్ అనే శాస్త్రవేత్తలు లూసర్న్ ముద్ద నుంచి మొక్కలు తెప్పించారు. అయితే నూటికి 12 మొక్కలకే ఆ గుణం ఉంది. ఆ గుణం ఉన్న వాటినే ఏరి, వాటిలో వాటికే సంకరం చేశారు. రెండు విడతల్లో నూటికి 67 అయ్యాయి. పాలు బాగా ఇచ్చే బర్రె దూడను మనం అట్టే పెట్టుకోమా? ఇదీ అంతే.

సీసా మొక్క పసిబిడ్డ లాంటిది. ఒక్కసారిగా ఎండలో పెడితే వాడిపోతుంది. నీడలో మెల్లగా అలవాటు చేయాలి. దాని వేళ్లకు బుడిపెలు కూడా ఉండవు. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే క్రిములు ఉండేది ఆ బుడిపెల్లోనే.

మరి కొనాలా? వద్దంటాను. కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్తలకు అది పనికొస్తుంది. మన దొడ్డికి విత్తనం చాలు, ఖర్చూ తక్కువ. అక్టోబరు, నవంబరు నెలల్లో చల్లాలి. నేల కొత్తదైతే విత్తనానికి రైజోబియం పొడి పట్టించాలి. నీళ్లు నిలవకూడదు. రెండు నెలలు దాటాక మొదటి కోత వస్తుంది. తర్వాత నెలకో కోత. మూడేళ్ల దాకా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. పచ్చి లూసర్న్ ఒక్కటే కడుపునిండా వేయకండి. బర్రె కడుపు ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. ఎండుగడ్డి కలిపి వేయాలి.

ఆ అక్క ఇంటి వెనక రెండు మళ్లు ఉన్నాయట. దీపావళి దాటగానే చల్లుతానంది.