గేరు రాడ్డు ఊగుతుంటే
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కౌలు కార్డులు, కాలవ నీళ్లు మాట్లాడాల్సిన సభలో గేరు రాడ్డు గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ మూడింటి గురించి మన కార్యదర్శి గారు ఇప్పుడే వివరంగా చెప్పారు. మాకు ఇచ్చింది పావుగంట. ఈ పావుగంటలో, మన డెల్టాలో దమ్ములు మొదలయ్యేలోగా ప్రతి ట్రాక్టరు మీదా చూసుకోవాల్సిన ఒక పని చెప్పి దిగిపోతాం.

సంఘం తరఫున మేము ఊళ్లు తిరిగేటప్పుడు, కొత్త బండి ఉన్నవాళ్ల కంటే సెకండ్‌హ్యాండు బండి కొని కౌలుకు చేస్తున్నవాళ్లే ఎక్కువ కనిపించారు. పది పదిహేనేళ్ల బండ్లు. ఇంజను బాగానే ఉంటుంది. టైర్లు ఒక మోస్తరు. గేరు రాడ్డు మాత్రం గంటె గిన్నెలో తిరిగినట్టు తిరుగుతూ ఉంటుంది. అడిగితే, "అది అంతేనండీ, మాకు అలవాటైపోయింది" అంటారు. ఆ అలవాటు గురించే మాట్లాడదామని వచ్చాం.

ముందు అది ఎందుకు ఊగుతుందో చూద్దాం. సీటు పక్కన రాడ్డు ఉండే బండిలో మనం చేతితో పట్టుకునే రాడ్డు నేరుగా గేరుబాక్సులోకి పోదు. కింద ఒక పిన్ను మీద ఆడుతుంది, అక్కడి నుంచి ఒక లింకు రాడ్డు, ఆ చివర ఒక ఆర్ము, ఆ ఆర్ము గేరుబాక్సు షాఫ్టుకు ఉంటుంది. ప్రతి కీలు దగ్గరా ఒక బుష్షు. కొన్నిటికి నైలాను, కొన్నిటికి గన్‌మెటల్. కాళ్ల మధ్య రాడ్డు ఉండే పాత బండిలో కీళ్లు తక్కువ. టాప్ కవరులో ఒక గుండు, దాని కింద కప్పు, పైన స్ప్రింగు, అంతే. మొదటి రకంలో బుష్షులు అరుగుతాయి, రెండో రకంలో గుండూ కప్పూ అరుగుతాయి.

కింద జరిగే అరుగుదల కంటికి కనపడదు, చేతిలో మాత్రం పెద్దగా తెలుస్తుంది. లెక్క సులువే. ఆడే పిన్ను నుంచి పైన గుండీ దాకా నలభై సెంటీమీటర్లు, అదే పిన్ను నుంచి కింది కొస దాకా ఎనిమిది సెంటీమీటర్లు ఉందనుకోండి. కింద ఒక మిల్లీమీటరు లూజు ఉంటే పైన అయిదు మిల్లీమీటర్లు ఊగుతుంది. అలాంటి కీళ్లు మూడు ఉంటే మూడింటి లూజూ కలుస్తుంది. అందుకే రెండో గేరు ఎక్కడుందో, రివర్సు ఎక్కడుందో చేతికి తెలియకుండా పోతుంది. మెకానిక్కు "గేరుబాక్సు పోయింది" అనేదీ, మనం భయపడేదీ ఇక్కడే. చాలా బండ్లలో గేరుబాక్సు శుభ్రంగా ఉంటుంది. పోయింది చిటికెన వేలంత బుష్షు.

మన ప్రాంతంలో ఇది త్వరగా ఎందుకు పోతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. దమ్ములో బురదనీళ్లు లింకుల మీద పడతాయి, గ్రీజును కడిగేస్తాయి, ఇసుక రేణువు బుష్షులో చేరి ఆకురాయిలా పనిచేస్తుంది. పైగా మన మడులు చిన్నవి. గట్టు దాకా వెళ్లామా, రివర్సు, మళ్లీ ముందుకు. మెట్ట చేలో ఒక సాలు పొడుగునా ఒకే గేరులో పోయే బండికీ, అర ఎకరం మడిలో పూటంతా గేరు మార్చే బండికీ తేడా ఉంటుంది కదా. కాళ్ల మధ్య రాడ్డు ఉన్న బండ్లలో ఇంకో సంగతి. రాడ్డు మొదట్లో ఉండే రబ్బరు తొడుగు చిరిగితే నీళ్లు లోపలికి దిగుతాయి. గేరుబాక్సు ఆయిలు పాలలా తెల్లగా మారితే ముందు ఆ తొడుగును చూడండి. ఆ రబ్బరు ముక్క మార్చకుండా వదిలేస్తే బేరింగుల దాకా పోతుంది ఖర్చు.

ఇక పరీక్ష. బండిని చదునైన నేల మీద పెట్టండి. ఇంజను ఆపి తాళం తీసి జేబులో వేసుకోండి. బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాయి పెట్టండి. పీటీవో తీసేసి, వెనకున్న పనిముట్టును నేలకు దించండి. లింకుల మీద పేరుకున్న మన్నూ గ్రీజూ డీజిల్‌తో, బ్రష్‌తో కడిగేయండి. మట్టి మీద మట్టి ఉంటే ఏమీ తెలియదు. ఒకరు పైన కూర్చుని రాడ్డును నెమ్మదిగా అటూ ఇటూ ఊపాలి. రెండోవారు కింద ఒక్కొక్క కీలు మీద వేలు పెట్టి చూడాలి. ఈ పక్క కదిలినా ఆ పక్క ఒక క్షణం ఆగి కదిలిన చోట లూజు ఉన్నట్టు. వేలికి "టిక్" మని తగులుతుంది.

తర్వాత గేరుబాక్సు ఆర్ము దగ్గర స్ప్లిట్ పిన్ను తీసి లింకు విడదీయండి. విడదీసే ముందు లింకు రాడ్డుకు ఎన్ని మరలు బయటికి ఉన్నాయో లెక్కపెట్టుకుని, సుద్దముక్కతో గీత గీయండి. ఈ పని చేయకపోతే మళ్లీ బిగించాక న్యూట్రలు చోటు మారిపోతుంది, మధ్యాహ్నం మొత్తం దానికే పోతుంది. ఇప్పుడు ఆర్మును చేతితో కదపండి. ప్రతి గేరులోనూ "టక్" మని గట్టిగా కూర్చుంటే లోపల బాగానే ఉంది, జబ్బు బయటి కీళ్లలోనే. టక్‌మనకుండా మెత్తగా జారిపోతుంటే లోపల బాలు, స్ప్రింగు, లేకపోతే ఫోర్కు అరిగాయి. అలాగే లోడు మీద గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్లోకి వస్తుంటే దాన్ని బుష్షు జబ్బు అని తేల్చేయకండి. లింకు సైజు తేడా వల్ల గేరు సగమే పడి ఊడవచ్చు, లోపలి స్ప్రింగో గేరు పళ్లో అరిగి ఊడవచ్చు. లోపలి పని తెలిసిన మెకానిక్కుకే ఇవ్వండి. టాప్ కవరు ఎత్తితే బాలూ స్ప్రింగూ ఎగిరి ఆయిల్లో పడతాయి. ఆ చిన్న బాలు కోసం గేరుబాక్సు అంతా వెతకాలి.

బయటి కీలు అయితే ఒక పూట పని. ఇక్కడ ఎక్కువమంది చేసేది ఏమిటంటే బుష్షు ఒక్కటే మారుస్తారు. పిన్నును గోటితో గీసి చూడండి, ఒక పక్క గాడి తగులుతుంది. గాడి పడ్డ పిన్ను మీద కొత్త బుష్షు వేస్తే అది ఎక్కువ కాలం నిలవదు. పిన్నూ బుష్షూ కలిపే మార్చాలి. ఆర్ము రంధ్రమే కోడిగుడ్డులా అయిపోతే లేతు షాపులో దాన్ని గుండ్రంగా బోరు కొట్టించి, మందం ఎక్కువున్న బుష్షు తిప్పించుకోవచ్చు. టర్నరుకు పాత పిన్నూ, పాత బుష్షూ, ఆర్మూ మూడూ ఇవ్వండి. "పాతదాని సైజుకే తిప్పు" అంటే అరిగిన సైజుకే తిప్పుతాడు, తప్పు అతనిది కాదు. అరగని కొస దగ్గర కొలవమని చెప్పాలి.

గన్‌మెటల్ బుష్షు మన బురదకు బాగా ఆగుతుంది, అయితే గ్రీజు తప్పనిసరి. గ్రీజు రంధ్రం నిప్పిల్‌కు ఎదురుగా వచ్చేలా కూర్చోపెట్టాలి. చాలా చోట్ల ఇది మర్చిపోతారు, గన్నుతో ఎంత కొట్టినా గ్రీజు లోపలికి పోదు. నైలానుది చౌక, చప్పుడు చేయదు, కానీ నైలాను తేమ పీల్చుకుని కొంచెం ఉబ్బుతుంది. బిగుతుగా వేస్తే దమ్ములో రాడ్డు పట్టేస్తుంది. కాస్త వదులు పెట్టించండి. బుష్షును సుత్తితో బాది ఎక్కించకండి, పొడవాటి బోల్టుకు రెండు వైపులా వాషర్లు వేసి నట్టు బిగిస్తూ పోతే నిటారుగా లోపలికి వెళుతుంది. ఎక్కాక లోపలి రంధ్రం కొద్దిగా బిగుస్తుంది, కాబట్టి చివరిగా రీమరు పెట్టించాలి. గ్రీజు రాసిన పిన్ను బొటనవేలితో తోస్తే వెళ్లాలి, పక్కకు ఊపితే ఆడకూడదు. మా కొలత ఇదే. కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి. పాతది వంచి మళ్లీ వేస్తే ఎక్కడో గట్టు మీద ఊడుతుంది. సైకిలు ట్యూబు ముక్కలు, రేకు ముక్కలు, బైండింగు తీగ... పొలం నుంచి ఇంటికి రావడానికి సరే. సీజనంతా వాటితోనే నడుపుతున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పంలెండి.

దీన్ని సంఘం సభలో ఎందుకు ఎత్తామంటే, ప్రాణాల సంగతి కనుక. లింకు లూజైన బండిలో రాడ్డు న్యూట్రల్లో ఉన్నట్టు కనిపించినా లోపల గేరు పడే ఉండవచ్చు. క్లచ్చు తొక్కితేనో, న్యూట్రల్లో ఉంటేనో తప్ప ఇంజను తిరగకుండా కొన్ని బండ్లకు స్విచ్చి ఉంటుంది. అది చెడిపోతే మనవాళ్లు రెండు వైర్లు కలిపేస్తారు. ఇంకా కొందరు కింద నిలబడి స్క్రూడ్రైవరుతో స్టార్టరు డైరెక్టు చేస్తారు. అలా నిలబడేది ఎక్కడ? పెద్ద చక్రం ముందు. గేరులో ఉన్న బండి ఇంజను అందుకున్న క్షణంలోనే కదులుతుంది, తప్పుకునే వ్యవధి ఇవ్వదు. వెనక కల్టివేటరు తగిలించడానికి కొడుకో, తమ్ముడో నిలబడి ఉంటాడు. ముందుకు అనుకుని రివర్సు పడితే వాడి ఛాతీకీ పనిముట్టుకూ మధ్య జానెడు చోటు కూడా ఉండదు. నాట్ల కూలికి అమ్మలను ట్రక్కులో ఎక్కించుకుని కాలవ గట్టు దిగుతారు. అలా మనుషులను ఎక్కించడమే చట్టవిరుద్ధం, ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆటో ఖర్చు చూసి ఎక్కిస్తూనే ఉన్నారు. గట్టు దిగేటప్పుడు గేరు మార్చబోయి అది పడకపోతే బండి న్యూట్రల్లో జారుతుంది, వెనక ట్రక్కు తోస్తుంది. యజమాని ఇంట్లో ఉంటాడు, స్టీరింగు ముందు ఉండేది రోజుకూలి డ్రైవరు. అందుకే డ్రైవరు తమ్ముళ్లకు ఒక మాట: రాడ్డు ఊగుతున్న బండి ఎక్కనని చెప్పండి. మీ వెనక సంఘం ఉంటుంది.

ఇక డబ్బు. బుష్షూ పిన్నూ తిప్పించడం వందల్లో అయ్యే పని. కొన్ని షోరూముల్లో మాత్రం "విడి బుష్షు రాదు, మొత్తం సెట్టు మార్చాలి" అంటారు, అది వేలల్లోకి పోతుంది. విడి భాగం నంబరు ఉందో లేదో పార్టుల పుస్తకం చూపించమని అడగండి. రసీదు తీసుకోండి, తీసిన పాత సామాను కూడా వెనక్కి అడిగి తెచ్చుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు గేరుబాక్సుల మీదా వాటి భాగాల మీదా జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. రసీదులో ఎంత వేశారో చూడండి. బతుకుతెరువుకు సొంతంగా నడుపుకునే బండి అయితే, బాడుగకు తోలినా మీరు వినియోగదారులే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో "మరమ్మతు హక్కు" మీద ఒక కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలతో పాటు వ్యవసాయ యంత్రాలను కూడా ఆ జాబితాలో పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచారు. కానీ పోర్టల్ చట్టం కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది, 2024 జనవరి 1 నుంచి అమలు. వ్యవసాయ యంత్రాల తయారీదారులు విడిభాగాలు, పనిముట్లు, పుస్తకాలు రైతుకూ, బయటి మెకానిక్కుకూ ఇవ్వాల్సిందే. వందల ఎకరాలు చేసే అక్కడి రైతుకే ఆ చట్టం అవసరమైతే, మూడెకరాల కౌలుదారుకు ఎంత అవసరమో చెప్పాలా? తెలుగులో పార్టుల పుస్తకం, ప్రతి షోరూములో గోడ మీద విడిభాగాల ధరల పట్టీ. ఈ రెండూ తీర్మానంలో చేర్చాలని సభను కోరుతున్నాం.

కాలవకు నీళ్లు వదిలాక లేతు షాపు ముందు వరస కడితే ఉపయోగం లేదు. అప్పుడు టర్నరుకు తీరిక ఉండదు, మీకూ ఉండదు. వచ్చే ఆదివారం పొద్దున్నే సంఘం ఆఫీసు ముందు చింతచెట్టు కింద బండ్లు పెట్టండి. ఇద్దరు మెకానిక్కులు, ఒక టర్నరు వస్తామన్నారు. కూలి సంఘం ఇస్తుంది, సామాను ఖర్చు ఎవరిది వారిదే. డీజిలు, పాత గుడ్డలు, చక్రాలకు రాళ్లు మీరే తెచ్చుకోవాలి. పనిముట్లు ఇంట్లో విప్పేసి బండి ఒక్కటే తీసుకురండి, లేకపోతే స్థలం చాలదు.