మందుతో పాటు మంచి మాట



అశోక్ నగర్‌కు ఎన్నో ఊళ్ళ నుంచి పిల్లలు వస్తారు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతారు. పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటారు. రాత్రికి ఒక్కో ఇరుకు గదిలో నలుగురైదుగురు పడుకుంటారు. అమ్మానాన్నలు ఊళ్ళో ఉంటారు.

అట్లాంటి పిల్లవాడికి టీబీ వచ్చిందనుకోండి. దీన్నే క్షయ అంటారు. అతను ఏం చేస్తాడు? ముందు దాచిపెడతాడు. గది ఖాళీ చేయమంటారని భయం. మెస్సుకు రానివ్వరని భయం. ఇంట్లో చెబితే అమ్మ ఏడుస్తుందని దిగులు. ఆడపిల్లయితే పెళ్ళి కాదేమోనని ఇంకో భయం. ఆ భయంతో ఒక్కోసారి మందులు మానేస్తారు. మానేస్తే జబ్బు ముదురుతుంది. మందులకు లొంగకుండా పోవచ్చు.

టీబీ శాపం కాదు. కంటికి కనపడని క్రిమి వల్ల వస్తుంది. 1882లో రాబర్ట్ కాక్ అనే జర్మనీ డాక్టరు ఆ క్రిమిని కనిపెట్టాడు. ఇప్పుడు మంచి మందులున్నాయి. మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలి. సర్కారు దవాఖానలో పరీక్ష, మందులు ఉచితం. మంచి తిండి కోసం సర్కారు నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేసింది.

మరి పక్కనున్న వాళ్ళు ఏం చేయాలి?

ముందు నిజం తెలుసుకోవాలి. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ళు దగ్గితే, తుమ్మితే గాలి ద్వారా అంటుతుంది. కంచం వల్ల అంటదు. బట్టల వల్ల అంటదు. చెయ్యి పట్టుకుంటే అంటదు. మందులు సరిగ్గా వాడితే కొద్ది వారాల్లోనే చాలామందిలో అంటించే గుణం తగ్గుతుంది. అప్పటిదాకా నోటికి గుడ్డ కట్టుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. విడిగా పడుకోవాలి. గదిలో ఉన్న వాళ్ళంతా పరీక్ష చేయించుకోవాలి.

కంచం వేరు చేస్తే మనసు విరుగుతుంది. "ఎక్కడ తెచ్చుకున్నావు?" అని అడగకండి. "గోలీ వేసుకున్నావా నాయనా? అన్నం తిన్నావా?" అని అడగండి. చెప్పేది వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి. దవాఖానకు తోడు వెళ్ళండి. జబ్బు సంగతి నలుగురిలో చెప్పకండి.

బతుకు మీద ఆశ పోయినట్లు మాట్లాడితే ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయించండి. ఈ టెలీ మానస్ సేవ 2022లో మొదలైంది. రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బులు అడగరు.

ఆరు నెలల మందు డాక్టరు ఇస్తారు. ఆరు నెలల ధైర్యం ఇరుగుపొరుగు ఇవ్వాలి.