‘ఓకే’ యను మాట



నేడు పల్లెపట్టుల ఆబాలగోపాలము పలుకు ఆంగ్లపదములలో ‘ఓకే’ ముందు వరుసలోనిది. వత్సవాయి రచ్చబండకడ నైనను, జగ్గయ్యపేట బస్సులో నైనను, నందిగామ కచేరీ ముంగిట నైనను ఈ మాట వినబడని గడియ లేదు. బడి మొగము చూడని ముదుసలి సయితము పట్నముననున్న మనుమనితో ఫోనులో మాటలాడి ‘ఓకే నాయనా’ యని ముగించుచున్నది. ఇంతగా మన నోట మెలగు ఈ పదమును గూర్చి కొంత విచారింతము.

ఇది పండితులు కల్పించినది కాదు, పరిహాసమున పుట్టినది. 1830 తరువాతి దశాబ్దమున అమెరికాలోని బోస్టను నగరపు పత్రికలవారికి మాటలను కావలెనని తప్పుగా వ్రాసి, వాని తొలి అక్షరములను మాత్రము నిలుపుట యొక వేడుక. ‘ఆల్ కరెక్ట్’, అనగా ‘అంతయు సరి’ యనుదానిని ‘ఓల్ కొరెక్ట్’ అని వికృతపరచి, ‘ఓ.కే.’ అను రెండక్షరములను నిలిపిరి. 1839 మార్చి 23వ తేదీన ‘బోస్టను మార్నింగ్ పోస్టు’ పత్రికలో నిది అచ్చుపడినది. మరుసటి యేట అధ్యక్షపదవికి మరల పోటీచేసిన మార్టిన్ వాన్ బ్యూరన్ కిండర్‌హుక్ గ్రామమువాడు. ఆయనను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలుచుచు ఆయన పక్షమువారు ‘ఓ.కే.’ సంఘములు పెట్టిరి. ఆయన ఓడెను గాని మాట నిలిచినది. పిమ్మట తంతి ఉద్యోగులు వార్త అందినదని తెలుపుటకు ఈ అక్షరములనే వాడిరి. 1963, 1964 సంవత్సరములలో అలెన్ వాకర్ రీడ్ అను ఆచార్యుడు పాత పత్రికలను శోధించి ఈ పుట్టుకను నిరూపించెను.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. పత్రికలో దీని అర్థము ‘సరిగా నున్నది’, తంతిలో ‘అందినది’. ఈ రెండును ఒకటి కావు. ఈ చీలిక నాటినుండియు ఆ మాటను వీడలేదు.

తెలుగున ఇది యెన్ని రూపముల తిరుగుచున్నదో చూడుడు. ‘సంబంధము ఓకే అయినది’ అన్నచో నిశ్చయము. ‘అధికారి ఓకే చేసినాడు’ అన్నచో అనుమతి. ‘ఒంట్లో ఓకేనా’ అన్నచో కుశలప్రశ్న. ‘పంట ఓకే’ అన్నచో గొప్పయు కాదు, తీసివేయదగినదియు కాదు. ‘ఓకే, ఓకే’ అని రెండుమారు లన్నచో ఇక చాలింపుమని సూచన. ‘ఓకే మరి’ అన్నచో సెలవు. ‘సరేనా’ వలెనే ‘ఓకేనా’ యను ప్రశ్నరూపమును మనవారు నేర్పుతో కల్పించుకొనిరి.

పరభాషాపదమని దీనిని నేను నిందింపను. ఖరారు, మంజూరు, రాజీ యను మాటలును మనకు వెలుపలినుండి వచ్చినవే. అయినను ఖరారన్న స్థిరపడుట, మంజూరన్న పైవాని అనుజ్ఞ, రాజీయన్న ఇరువురును కొంత తగ్గి కలియుట. అవి తమ తమ అర్థములతో వచ్చి మన భాషకు సూక్ష్మత నిచ్చినవి. మనకును పూర్వమునుండి సరే, అట్లే, చిత్తము, మంచిది, ఔను అను పలుకులు వేర్వేరు తావుల కున్నవి. సంస్కృతమున ‘ఓమ్’ సయితము అంగీకారవాచకమే. అమరకోశ మట్లే చెప్పుచున్నది, ఛాందోగ్యోపనిషత్తు దానిని అనుజ్ఞాక్షరమన్నది. ‘ఊఁ’ మాత్రము వినుచున్నానని తెలుపునది. కథకు ఊకొట్టినవాడు కథనంతయు నమ్మెనని యెవ్వరును అనరు. ‘ఓకే’ యన్ననో ఈ అన్నిటి తావులను తానే ఆక్రమించినది.

దీనివలన కలుగు చిక్కు చిన్నది కాదు. ఒక మిరపరైతు ఖమ్మము బజారులోని కమీషను వ్యాపారితో ఫోనులో మాటలాడుచున్నాడనుకొనుడు. వ్యాపారి ధర చెప్పెను. రైతు ‘ఓకే’ యనెను. అతని భావము ‘వింటిని’ అని. వ్యాపారికి తోచినది ‘ఒప్పెను’ అని. సరకు బండి యెక్కిన పిదప తగవు వచ్చును. ఇరువురిలో నెవ్వరును అబద్ధమాడలేదు. మాటయే రెండు నాలుకలది.

మన పెద్దలు మాటకు తోడు క్రియను నిలిపిరి. పెండ్లిమాటలు ఎంతసేపు సాగినను తాంబూలములు పుచ్చుకొన్న పిదపనే నిశ్చయము. పశువుల సంతలో బేరము కుదిరినచో చేతిలో చేయి వేసి బయానా ఇచ్చెడివారు. ఊకొట్టుటకును ఒప్పుకొనుటకును నడుమ గట్టిగా హద్దురాయి పాతిరి. 1872 నాటి భారత ఒప్పందముల చట్టమును, ఉభయులును ఒకే విషయమును ఒకే అర్థమున గ్రహించి అంగీకరించినప్పుడే సమ్మతి యగునని చెప్పుచున్నది.

ఇప్పుడీ మాట నోటినుండి వ్రేలికి దిగినది. ఫోను తెరమీద ‘ఓకే’ యను మీట కనబడును. అచట దానికి ‘వింటిని’ అను అర్థము లేదు. నొక్కినచో ఒప్పుకొన్నట్లే. ఎవడో ఫోను చేసి, ‘మీకు సొమ్ము వచ్చినది, ఓకే నొక్కి రహస్యసంఖ్య వేయుడు’ అనును. యు.పి.ఐ. పద్ధతిని సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్యతో పనిలేదు, పంపుటకే అది కావలయును. దీని నెరుగక గంగిరెద్దువలె తల యూపినవాని పొదుపు నిమిషములో పోవును.

కావున పెద్దలకు నా మనవి యిది. కుశలమడుగునపుడును, సెలవు తీసికొనునపుడును ‘ఓకే’ యనుడు, తప్పులేదు. భూమి, అప్పు, పెండ్లి, పంటధర యను నాలుగింట మాత్రము ఆ మాటతో తృప్తిపడకుడు. ఎదుటివాడు ‘ఓకే’ యన్నచో, ‘విన్నావా, ఒప్పినావా’ అని తెలుగున మరల అడుగుడు. మీరును ‘వింటిని, ఆలోచించి చెప్పెదను’ అనియో, ‘ఒప్పితిని’ అనియో స్పష్టముగా పలుకుడు. తెరమీది మీట విషయమున, చదువనిదే, చదివించుకొననిదే వ్రేలు మోపకుడు. ఇరువురికిని అర్థము ఒకే అయినప్పుడే అది నిజమైన ఓకే.

సెలవు.