వాసన రాకముందే నీళ్లు చూసుకోవాలె
(అమీర్‌పేట, పంజగుట్ట బస్తీల సమావేశంలో చేసిన ప్రసంగం)



పెట్రోలు బంకుల గురించి మీటింగు పెడుతున్నమంటే "ఇది దళిత సమస్య ఎట్లయితది?" అని కొందరు మిత్రులు అడిగిండ్రు. 1985 జులైలో కారంచేడు దేని కాడ మొదలైంది? మాదిగలు తాగే చెరువులో బర్రెలకు కుడితి పెట్టిన బకెట్లు కడుగుతుంటే అడ్డం చెప్పిన కాడ. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలబడ్డది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపిండ్రు. అక్కడ నీళ్లు పాడు చేసే చెయ్యి కండ్లకు కనబడ్డది. ఇక్కడ కనబడదు, అది భూమి కింద ఉన్నది.

బంకు కింద ఇనుప ట్యాంకులుంటయి. ఒక్కోదాంట్లో పది, ఇరవై వేల లీటర్లు పడుతయి. ఏండ్ల తరబడి మట్టిలో ఉన్న ఇనుము తుప్పు పడుతది, పైపుల అతుకులు వదులైతయి. సెకనుకొక చుక్కే కదా అనుకుంటం. లెక్కేస్తే రోజుకు నాలుగు లీటర్ల పైన, ఏడాదికి 1,500 లీటర్లు. బంకువాళ్లు రోజూ ట్యాంకులో కడ్డీ ముంచి కొలిచి పుస్తకంలో రాస్తరు. నాలుగు లీటర్లు తగ్గితే ఎండకు ఆవిరైందని సరిపెట్టుకోవచ్చు. ఆ పుస్తకం వాళ్ల సరుకుకు లెక్క. మన నీళ్లకు లెక్క రాసే పుస్తకం ఎవరి దగ్గరున్నది?

మా తప్పు కూడా చెప్పుకుంటం. మా గల్లీలో ఒక బోరు నీళ్లకు పెట్రోలు వాసనొచ్చింది. పక్క బంకుకు పోయి అడిగితే "మీ బకెట్లదే వాసన" అన్నరు. కొన్నాళ్లకు బోరు మూసేసిండ్రు. వాసన ఏ రోజు మొదలైంది, బోరు లోతెంత, ఎవరెవరు తాగిండ్రు, ఒక్కరం రాసిపెట్టలే. చేతిలో కాయితం లేక నోరు మూసుకొని వచ్చినం. పక్క అపార్టుమెంటోళ్లు ట్యాంకరు తెప్పించుకున్నరు. మన ఆడోళ్లు బిందెలు పట్టుకొని ఇంకో గల్లీకి పోయిండ్రు.

ముక్కును నమ్ముకుంటే చాలదు. పెట్రోలులో నూటికి ఒక వంతు దాకా బెంజీను ఉండొచ్చు. అది రక్త క్యాన్సరు తెచ్చే విషం. తాగేనీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోలు ఎనిమిది లక్షల లీటర్ల నీళ్లను పాడు చెయ్యగలదు. వాసన తెలియకముందే హద్దు దాటి ఉండొచ్చు. కాచి తాగుతమంటే ఆ ఆవిరి ఇంట్లోనే పీల్చుకుంటం. అగ్గిపుల్ల గీసి చూద్దామని మాత్రం ఎవరూ అనుకోవద్దు, ప్రాణాలు పోతయి.

మన నేల సంగతి కూడా తెలుసుకోవాలె. బల్కంపేట ఎల్లమ్మ తల్లి భూమికి పదడుగుల కింద, బావి ఊటలో పండుకొని ఉన్నది. అంత పైన నీళ్లున్న నేల ఇది. పైన మొరం, కింద నల్లరాయి, రాయిలో పగుళ్లు. పెట్రోలు నీళ్ల మీద తేలి ఆ పగుళ్ల వెంట పోతది. అందుకే బంకు పక్క బోరు బాగుండి, రెండు గల్లీల అవతల బోరు చెడొచ్చు. ఎండకాలం నీళ్లు దిగితే అది కూడా దిగి మట్టిని పట్టుకుంటది, వానలకు మళ్లీ పైకి తేలుతది. ఒక్కసారి పరీక్ష చేసి "బాగున్నయి" అంటే ఒప్పుకోవద్దు. వైశాఖంలో ఒకసారి, వానలు పడ్డంక ఒకసారి చెయ్యాలె. గాజు సీసాను గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపి, చల్లగా ఉంచి, ఆ రోజే ల్యాబుకు చేర్చాలె. మామూలు నీటి పరీక్షలో బెంజీను చూడరు, దాని పేరు రాసి అడగాలె. ఇంటి పునాది తవ్వినప్పుడు మట్టి వాసనొస్తే అది కూడా రాయాలె.

2013లో చెన్నై తండయార్‌పేటలో ఇండ్ల బోర్లల్లో పెట్రోలు, డీజిలు పడ్డది. భారత్ పెట్రోలియం పైపులైను కారిందని బయటపడ్డది. ముందు కనిపెట్టింది ఆ ఇండ్ల జనమే, ఆఫీసర్లు కాదు.

చట్టం లేదా అంటే ఉన్నది. నీళ్లు పాడు చేసినోడే బాగు చేసే ఖర్చు పెట్టాలని 1996లో రాజస్థాన్ బిచ్డీ ఊరి బావుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి బంకులు బడులకు, దవాఖానలకు, ఇండ్లకు 50 మీటర్ల దూరముండాలె, ఎంత తప్పనిసరైనా 30 మీటర్లకు తగ్గొద్దన్నది. అది కొత్త బంకులకు. పాత బంకు గోడకు ఆనుకొని ఉన్న మన ఇండ్ల మాటేంది? దాని ట్యాంకు వయసెంత, ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించిండ్రు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. రాష్ట్ర కాలుష్య మండలి ఆఫీసు సనత్‌నగర్‌లోనే ఉన్నది, నడిచి పోవచ్చు. పేలుడు పదార్థాల భద్రతా శాఖకు కూడా ఒక కాపీ పంపాలె, ట్యాంకులకు లైసెన్సు ఇచ్చేది వాళ్లే.

వచ్చే ఆదివారం పొద్దున బస్తీకి ఇద్దరు రండి. ఒకరు తప్పకుండా నీళ్లు మోసే ఆడమనిషి కావాలె, నీళ్ల తేడా ముందు తెలిసేది ఆమెకే. నోటుబుక్కులు మేం తెస్తం. మొదటి పేజీలో మీ బోరు లోతు, అక్కడి నుంచి బంకు ఎన్ని అడుగులో కొలిచి రాసుకొని రండి.